చప్పన వేరు, వెగటు వేరు

ఒడిశాలోని బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఒక తెలుగింట్లో పిల్లాడు పొద్దున్నే దుప్పటి తియ్యకుండా "బడికి ఎల్లబుద్ధి కావట్లేదమ్మా" అంటాడు. "ఏటైందిరా?" అంటే "ఏటీ నేదు" అంటాడు. ఆ మాటను సెలవు చీటీలో పెట్టాలంటే పెన్ను ఆగిపోతుంది. ఆసక్తి లేదని రాస్తే చదువంటేనే ఇష్టం లేదన్నట్టు ఉంటుంది. బద్ధకం అని రాస్తే బిడ్డ మీద మనమే నింద మోపినట్టు. నీరసం అంటే జ్వరమా, విరేచనాలా అని అడుగుతారు. విసుగు అని రాశామా, మేష్టారి పాఠం బాగోలేదన్నట్టే. పిల్లాడు అన్నదానిలో వీటిలో ఒక్కటీ లేదు.

ఉత్సాహం లేదని చెప్పడానికి తెలుగులో మాటలకు కొదవ లేదు, ఏరుకోవడమే కష్టం. ప్రతి మాటా లోపం ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తుంది: ఒంట్లోనా, మనసులోనా, చేసే చేతిలోనా, ఎదురుగా ఉన్న వస్తువులోనా అని. వేలు తప్పు చోట పడితే ఉన్న విషయం చెప్పబోయి ఒకరిని తప్పుపట్టినవాళ్ళమవుతాం. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగువాళ్ళకు దీనిమీద ఇంకో చిక్కు ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డాక ఇక్కడ బడి, కచేరీ (సర్కారు ఆఫీసు) ఒడియాలోకి మారాయి, ఇల్లు తెలుగులో ఉండిపోయింది. ఒకే సంస్కృత పదం ఇంట్లో ఒక అర్థంతోనూ వీధిలో ఇంకో అర్థంతోనూ వినపడుతుంది. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ముందు ఆ పిల్లాడి మాటే చూద్దాం, ఎందుకంటే ఈ విషయంలో తెలుగుకున్న గొప్ప పనిముట్టు అదే. "వెళ్ళను" అంటే నిర్ణయం. "వెళ్ళలేను" అంటే శక్తి చాలదు. "వెళ్ళబుద్ధి కావట్లేదు" అంటే రెండూ కాదు: కాళ్ళు బాగానే ఉన్నాయి, మొండికెయ్యడమూ లేదు, లోపల కదలిక పుట్టడం లేదు, అంతే. దీని కట్టుబడి చూడండి. "అ"తో ముగిసే క్రియ రూపం (వెళ్ళ, తిన, చెయ్య, మాట్లాడ), దానికి బుద్ధి, ఆపైన అవడమో వెయ్యడమో పుట్టడమో. మనిషి "నాకు" అని "కు" విభక్తిలోకి జరిగిపోతాడు. అంటే వాక్యంలో అతను కర్త కాడు. బుద్ధి అనేది తనంతట తాను కలగాల్సింది, కలగలేదు. అందుకే ఈ వాక్యంలో తప్పు ఎవరి మీదా పడదు. ముందు "ఎందుకో" చేరిస్తే ఇంకా మెత్తబడుతుంది: "ఎందుకో తినబుద్ధి కావట్లేదు." వండినవాళ్ళు నొచ్చుకోరు. అదే "తినాలని లేదు" అంటే కొంచెం బిగువు ఉంటుంది, మనసు ముందే తేల్చేసుకున్నట్టు. "తినాలనిపించట్లేదు" ఈ రెంటికీ మధ్యన.

రాతకు వచ్చేసరికి ఇంత చక్కని వాక్యాన్ని వదిలేసి "ఆసక్తి లేమి వలన" అని మొదలుపెడతాం. పర్లాకిమిడిలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన గిడుగు వెంకట రామమూర్తిగారు పోరాడింది నోట్లో ఉన్న భాష కాగితం మీదికి రావాలనే కదా. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం కూడా. మరి సెలవు చీటీలో "ఇవాళ మా వాడికి బడికి రావాలనిపించడం లేదు, ఒంట్లో బాగానే ఉంది, రేపు పంపిస్తాం" అని రాయడానికి మొహమాటం ఎందుకు? అది శుద్ధమైన తెలుగు. పైపెచ్చు నిజం.

ఇక రుచి మాటలు. తెలుగులో ఉత్సాహం చాలావరకు నాలుక మీద ఉంటుంది. చప్పగా ఉంది (ఇక్కడి నోట సప్పగుంది) అంటే ఉండాల్సింది తక్కువైంది. పప్పులో ఉప్పు పడకపోతే చప్పన. అలాగే వేడుకలో పాట లేకపోతే, నలుగురు చుట్టాలు రాకపోతే చప్పగా జరిగింది అంటాం. వెగటు దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది: ఉండాల్సిన దానికంటే ఎక్కువైంది. పాయసం మొదటి గిన్నె అమృతం, రెండోది బాగుంటుంది, మూడోది వెగటు. మొహం మొత్తడం ఇంకో అడుగు ముందుకు: అదే పదార్థం పూటపూటా పెడితే, అది ఎంత మంచిదైనా సరే, చూడగానే మొహం తిరిగిపోతుంది. వెగటుకు ఒక్క పూట చాలు, మొహం మొత్తడానికి రోజులు పట్టాలి. విసుగు కూడా తిరిగితిరిగి వచ్చే దాని వల్లే పుడుతుంది కానీ అందులో చిన్న కోపం కలుస్తుంది. మొహం మొత్తినవాడు పక్కకు తప్పుకుంటాడు, విసిగినవాడు మాట విసురుతాడు.

ఇదంతా మాటల మీద మోజుతో చెప్పడం లేదు. మాట తప్పితే మందు తప్పుతుంది. చప్పగా ఉన్నదానికి ఏదైనా కలపాలి, వెగటైనదానిలోంచి ఏదైనా తియ్యాలి. పిల్లల లెక్కల పాఠం "బోరు" అని ఒక్క మాటలో తేల్చేస్తే ఏం చెయ్యాలో తెలియదు. ఏమీ లేక చప్పగా ఉందా? ఒకే రకం లెక్కలు నలభై చేయించడం వల్ల మొహం మొత్తిందా? మొదటిదైతే కొత్త లెక్క ఇవ్వాలి, రెండోదైతే ఆ రోజుకు పుస్తకం మూసెయ్యాలి. మొహం మొత్తినవాడికి ఇంకో పది లెక్కలిచ్చి ఉత్సాహపరచబోతే పని చెడుతుంది.

నీళ్ళ మాటలు, నిప్పు మాటలు ఇంకో రకం. నీరుగారిపోయాడు, జావగారిపోయాడు, చల్లబడ్డాడు, చల్లారిపోయాడు, డీలాపడ్డాడు, చతికిలబడ్డాడు. వీటన్నిటికీ ఒక నియమం ఉంది: ముందు ఉత్సాహం ఉండి తీరాలి. గడ్డకట్టింది కరిగితేనే నీరు, మండింది ఆరితేనే చల్లన. మొదటినుంచీ ఇష్టం లేనివాడి గురించి "నీరుగారిపోయాడు" అని రాస్తే తప్పు. పత్రికలు "పథకాన్ని నీరుగార్చారు" అంటాయే, అక్కడ కూడా మొదట చిక్కగా ఉన్న దాన్ని ఎవరో పలచన చేశారనే. కాబట్టి ఈ మాట వాడేటప్పుడు వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది: దేనివల్ల? ఫలితాలు చూసి డీలాపడ్డాడు, అయ్యవారి మాటకు జావగారిపోయాడు అని కారణం పక్కన పెడితేనే వాక్యం నిండుతుంది. నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాడు అంటే మాత్రం పూర్తిగా వేరు. అక్కడ నీరుగారడం లేదు, చుట్టూ ఏం జరుగుతున్నా చలించకపోవడం ఉంది. దాన్ని దిగులుగా ఉన్నవాడి మీద వాడితే అన్యాయం.

సంస్కృతం నుంచి వచ్చిన పెద్ద మాటల్ని విప్పి చూస్తే లోపల బొమ్మలు కనిపిస్తాయి. ఉదాసీనుడు అంటే దూరంగా కూర్చున్నవాడు, ఆసీనుడన్న మాట అందులోనే ఉంది. నిర్లిప్తుడు అంటే ఏ పూతా అంటనివాడు. విముఖుడు మొహం అటు తిప్పుకున్నవాడు. అన్యమనస్కుడి మనసు ఇంకో చోట ఉంది. విరక్తి, వైరాగ్యం రెండూ రంగు పట్టడం అనే అర్థమున్న రంజ్ ధాతువు నుంచే వచ్చాయి, రంగు వెలిసిపోవడమన్నమాట. ఆసక్తి అంటే అతుక్కుని ఉండడం, అనాసక్తి అంటే అతుక్కోకపోవడం. వీటిలో విచిత్రం నిస్పృహది. స్పృహ అంటే సంస్కృతంలో కోరిక, నిస్పృహ అంటే కోరిక లేకపోవడం. తెలుగులో స్పృహ తెలివిగా మారిపోయింది (స్పృహ తప్పింది అంటాం), నిస్పృహ మాత్రం నిరాశ పక్కకు జరిగి "నిరాశా నిస్పృహలు" అని జంటగా తిరుగుతోంది.

ఉత్సాహం సంగతి చెప్పాలి. దాని ధాతువు సహ్, తట్టుకోవడం, ఓర్చుకోవడం. నాట్యశాస్త్రంలో వీరరసానికి స్థాయీభావం, అంటే అడుగున నిలిచి ఉండే భావం, ఉత్సాహమే. అంటే మొదట ఇది గంతులు వేసే సరదా కాదు, కష్టానికి ఎదురు నిలిచే బలం. అదే శాస్త్రం చెప్పిన 33 సంచారీభావాల్లో (వచ్చిపోయే భావాల్లో) మొట్టమొదటిది నిర్వేదం. గ్లాని, ఆలస్యం, జడత, విషాదం అని ఉత్సాహం తగ్గిన స్థితుల్ని విడివిడిగా లెక్కపెట్టారు, ఒకే గంపలో వెయ్యలేదు. అక్కడ ఆలస్యం అంటే బద్ధకం. మనం దాన్ని టైముకు రాకపోవడానికి వాడుకుంటున్నాం. తెలుగు ఛందస్సులో ఉత్సాహం పేరుతో ఒక పద్యమే ఉంది: పాదానికి ఏడు సూర్యగణాలు, చివర ఒక గురువు. మూడేసి మాత్రల చిన్న అడుగులు టకటకా పడుతుంటే పేరు ఎందుకు పెట్టారో చదివితేనే తెలుస్తుంది.

ఇప్పుడు సరిహద్దు చిక్కు. ఒడియా, తెలుగు రెండూ మాట్లాడేవాళ్ళు ఎక్కువ పొరపాటు పడేది తెలియని మాటల దగ్గర కాదు, తెలిసినట్టే అనిపించే మాటల దగ్గర.

అన్నిటికంటే ప్రమాదకరమైంది విరక్తి. ఒడియాలో బిరొక్తొ అంటే చిరాకుపడ్డ, విసిగిన అని. కచేరీలో నాలుగుసార్లు తిప్పితే ఎవరైనా బిరొక్తొ అవుతారు. దాన్ని తెలుగులోకి తెచ్చి "ఆయనకు విరక్తి కలిగింది" అంటే ఇంట్లోవాళ్ళు కంగారుపడతారు, బతుకు మీదే ఆశ వదిలేశాడన్నట్టు వినపడుతుంది. ఒడియా బిరొక్తొకు తెలుగు సాటి చిరాకు, విసుగు. తెలుగు విరక్తిని ఒడియావాళ్ళకు చెప్పేటప్పుడూ ఆ పదాన్ని వాడకుండా విషయం విడమర్చి చెప్పడం మేలు.

ఉదాసొ రెండోది. ఒడియాలో దిగులుగా, మనసు వాడిపోయి ఉన్నవాడిని అలా అంటారు. తెలుగులో ఉదాసీనత అంటే పట్టించుకోకపోవడం: "అధికారుల ఉదాసీనత వల్ల కాలువ పూడిపోయింది" అంటాం. దిగులుగా ఉన్న పిల్లను "ఉదాసీనంగా ఉంటోంది" అని రాస్తే, జాలిపడాల్సిన చోట కోపం తెప్పించినట్టే. దిగులు అనే తెలుగు మాట ఉండగా వేరేది వెతకడం దేనికి?

ఒళొసువా అంటే ఒడియాలో బద్ధకస్తుడు. తెలుగు చెవికి అది అలసటలా వినపడుతుంది. ఇంటి దగ్గర పొలం పని చేసివచ్చి "అలిసిపోయాను" అన్న కుర్రాడు బడిలో అదే మాటను ఒడియాలోకి లాక్కొస్తే తనను తానే సోమరి అని చెప్పుకున్నట్టవుతుంది. తెలుగులోనూ అలసట, అలసత్వం పక్కపక్కనే ఉన్నాయి కానీ రెంటికీ చాలా దూరం. అలసట పని చేసినవాడిది, అలసత్వం పని చెయ్యనివాడిది.

మొనొ లాగునాహిఁ అన్నది మాత్రం హాయిగా కలిసిపోయే మాట. ఒడియాలో లాగు అంటే అంటుకోవడం, అనిపించడం, కాబట్టి మనసు పట్టడం లేదని అర్థం. తెలుగులో లాగడం అంటే గుంజడం. "మనసు అటు లాగట్లేదు" అన్నా కుదురుతుంది. ఒక భాషలో మనసు అతకలేదు, ఇంకోదానిలో మనసు గుంజలేదు, చేరింది మాత్రం ఒక చోటికే. హౌ అనే ఒడియా మాట దగ్గర కూడా కొంచెం ఆగాలి. అది మన సరే లాంటిది. దాన్ని "సరేలే" అని అనువదిస్తే ఒప్పుకున్నవాడు అయిష్టంగా ఒప్పుకున్నట్టు మారిపోతుంది. తెలుగులో ఆ "లే" ఒక్క అక్షరమే అయినా మాట వేడిని దించేస్తుంది. వస్తాను, వస్తాలే. చూద్దాం, చూద్దాంలే. రెండోది విన్నవాళ్ళు రెండు పళ్ళేలు తక్కువ వేసుకుంటారు.

అన్నిటికంటే నచ్చే జంట మొక్కుబడి, మానొసికొ. బరంపురంలో రెండేళ్ళకోసారి బుఢీ ఠకురాణి యాత్ర జరుగుతుంది. ఊళ్ళోని నేతవాళ్ళ పెద్దకు, దేశిబెహరాకు, అందులో ముఖ్యమైన పాత్ర. అమ్మవారికి మొక్కుకున్నవాళ్ళు రకరకాల వేషాలు కట్టి వీధుల్లో తిరిగి మొక్కు తీర్చుకుంటారు. ఆ మొక్కును ఒడియాలో మానొసికొ అంటారు, మనసులో అనుకున్నది కాబట్టి. తెలుగులో అదే మొక్కుబడి. తెలుగు చెవికి మానసికం అంటే మనసు రోగమో, మనసు సంగతో గుర్తొస్తుంది, మొక్కు గుర్తుకురాదు. ఇక మొక్కుబడికి తెలుగులో పట్టిన గతి చూడండి. "మొక్కుబడిగా సమావేశం జరిపారు", "మొక్కుబడిగా పలకరించాడు": చెయ్యక తప్పదు కాబట్టి చేశారని అర్థం. చెల్లించకపోతే దోషం, చెల్లిస్తే అయిపోతుంది, ఆ "అయిపోతుంది" అనే భాగమే అర్థాన్ని ఆక్రమించుకుంది. కానీ మండుటెండలో పులివేషపు రంగు ఒంటినిండా పూసుకుని, చెమటకు ఆ రంగు చారలు కలిసిపోతున్నా డప్పు దరువుకు అడుగు తప్పకుండా వేసేవాడు తీర్చేది కూడా మొక్కుబడే. అందుకే ఈ ఊళ్ళో రాసేవాళ్ళు ఒక జాగ్రత్త తీసుకోవాలి. "గా" చేరితేనే నిందార్థం: మొక్కుబడిగా. "మొక్కుబడి చెల్లించుకున్నారు" అంటే భక్తి చెక్కుచెదరలేదు. యాత్ర గురించి రాస్తూ "భక్తులు మొక్కుబడిగా వేషాలు కట్టారు" అంటే వాళ్ళను అవమానించినట్టే.

మొక్కుబడిగా, తూతూమంత్రంగా, నామమాత్రంగా: ఈ మూడూ ఒకటే అనుకుంటారు. మొక్కుబడిలో బాధ్యత ఉంది, మనసు లేదు. తూతూమంత్రంలో పని కూడా సగమే జరిగింది, తొందరగా ముగించేశారు. నామమాత్రంలో కొలత తక్కువ, మనసు గురించి ఏమీ తెలియదు, నామమాత్రపు రుసుము అంటే మంచిదే కదా. ముక్తసరి కూడా మొదట ఇలాంటి కొలత మాటే, ఉర్దూ ముఖ్తసర్ నుంచి వచ్చింది, సంక్షిప్తం అని. ఇప్పుడు ముక్తసరిగా మాట్లాడాడు అంటే కుదించి మాట్లాడడమే కాక ఇష్టం లేకుండా మాట్లాడాడనే ఛాయ పడుతుంది.

పోలింగు మందకొడిగా సాగింది అన్నప్పుడు వేగం మాత్రమే చెప్పినట్టు. జనానికి ఇష్టం లేదని అందులో లేదు, ఎండ వల్ల కావచ్చు. సభ వెలవెలబోయింది అంటే కళ్ళకు కనిపించింది. స్పందన అంతంతమాత్రం అంటే లెక్క. వీటిలో ఏదీ మనసులోకి తొంగిచూడదు, వార్త రాసేవాళ్ళకు అదే క్షేమం.

సంబంధాల దగ్గర మాట ఇంకా సున్నితంగా తూగాలి. ఇచ్ఛాపురంవాళ్ళు బరంపురం సంబంధం చూసి వెళ్ళాక మధ్యవర్తి "వాళ్ళు అంత సుముఖంగా లేరు బావగారూ" అంటాడు. ఆ "అంత"లోనే మర్యాద అంతా ఉంది. "విముఖంగా ఉన్నారు" అంటే తలుపు మూసినట్టు. "ముభావంగా ఉన్నారు" అంటే మనసులో ఏదో ఉంది, బయటపెట్టలేదు, ఇంకోసారి కదిపి చూడొచ్చు. "పెదవి విరిచారు" అంటే ఏదో లోపం ఎంచారన్నమాట, అది ఏమిటో అడగక తప్పదు.

క్రియల చివర అతికించే మాటలు కూడా ఉన్నాయి. "ఎలాగో చేసి చచ్చాను", "రాసి ఏడ్చాను", "వచ్చి తగలడ్డాడు." చావు, ఏడుపు, తగలడడం ఇక్కడ అసలు అర్థంతో లేవు, ఇష్టం లేకుండా జరిగిన పని అని ముద్ర వేస్తాయి. మొదటి రెండూ ఎక్కువగా మన గురించి మనం చెప్పుకునేవి. ఎదుటివాళ్ళ మీద వాడితే తిట్టు. పెద్దవాళ్ళ గురించి అసలు వాడకూడదు.

చివరగా ఆసుపత్రి మాట, ఎందుకంటే అక్కడ తప్పు పదం ఖరీదు ఎక్కువ. తెలుగులో నీరసం అంటే ఒంట్లో బలం లేకపోవడం. ఆ పదాన్నే ఒడియాలో నిరొసొ అని పలికితే రసం లేనిది, పస లేనిది అనే అర్థం ముందుకొస్తుంది. డాక్టరు ఒడియావారైతే బలహీనతకు "దుర్బొళొ లాగుఛి" అనాలి. ఒంట్లో బలం ఉండి, ఏ పనీ చెయ్యాలనిపించకపోతే అది వేరుగా చెప్పాలి: "మొనొ లాగునాహిఁ" అని. ఈ రెంటినీ కలిపి "నీరసం" అనేస్తే రక్తపరీక్ష రాసి, బలం మాత్రలిచ్చి పంపిస్తారు. వాళ్ళకు అందిన మాట అదే మరి. ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల మీద కూడా మనసు పోకపోవడం, రోజులో ఎక్కువసేపు అలాగే ఉండడం రెండు వారాలు దాటితే అది కుంగుబాటు కావచ్చు, బద్ధకం కింద కొట్టిపారెయ్యకూడదు. ఎప్పటినుంచి, ఏ పని మీద ఇష్టం పోయింది, తిండి, నిద్ర ఎలా ఉన్నాయి: ఈ మూడూ కాగితం మీద రాసుకుని వెళ్తే భాష తడబడినా విషయం చేరుతుంది. మనసు ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడ ఏ పెద్ద పదమూ అక్కర్లేదు. "నెల్నాళ్ళ నుంచి ఏదీ చెయ్యబుద్ధి కావట్లేదండీ, ముందు ఇలా ఉండేదాన్ని కాదు" అంటే చాలు.